డ్రాఫ్ట్ కాని వైడ్ రిసీవర్‌కు ఏ దారి మంచిది: ఇండోర్ ఫుట్‌బాలా, కెనడానా, యూఎఫ్‌ఎలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అతిపెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. కాలేజీ కుర్రాళ్లను టీములు వంతులవారీగా ఎంచుకునే దాని డ్రాఫ్ట్ ఏప్రిల్ చివర్లో మూడు రోజులు నడుస్తుంది. ఏడు రౌండ్లలో రెండు వందల యాభై పైచిలుకు పేర్లు పిలుస్తారు. అది ముగియగానే టీములు మళ్లీ ఫోన్లు పట్టుకుని, డ్రాఫ్ట్ కాని కుర్రాళ్లలో తమకు నచ్చినవాళ్లను క్యాంపుకు రమ్మంటాయి. ఆ ఫోన్ కూడా రాని వైడ్ రిసీవర్లు, అంటే పరిగెత్తి పాస్‌లు పట్టే ఆటగాళ్లు, ప్రతి ఏడాదీ వందల్లో ఉంటారు. వయసు ఇరవై రెండో ఇరవై మూడో, కాళ్లలో వేగం ఉంది, నాలుగేళ్ల కాలేజీ ఆట వెనకాల ఉంది. ఇప్పుడేం చేయాలన్నదే ప్రశ్న.

అమెరికాలో ఉన్న మన కుటుంబాలకు ఈ ప్రశ్న ఒకప్పుడు చాలా దూరం. ఇప్పుడు అంత దూరమేమీ కాదు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ లాంటి ఊళ్లలో మన పిల్లలు హైస్కూల్ ఫుట్‌బాల్ మధ్యలోనే పెరుగుతున్నారు. ఫ్రిస్కోలోనే ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ డాలస్ కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ ఉంది. ఆ ఊళ్లోనే 2021 నుంచి కొన్ని సీజన్లు ఫ్రిస్కో ఫైటర్స్ అనే ఇండోర్ టీమ్ కొమెరికా సెంటర్‌లో ఆడింది. పిల్లాడి స్నేహితుడో, మేనల్లుడో, మన పిల్లాడో ఈ మలుపు దగ్గర నిలబడితే ఏం చెప్పాలో తెలియక చాలామంది "చదువుకున్నావు కదా, ఉద్యోగం చూసుకో" అనేస్తారు. ఆ మాట తప్పు కాదు. కానీ ఆడాలన్న కోరిక బలంగా ఉన్నవాడికి అది సమాధానం కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇండోర్ ఫుట్‌బాల్‌ను ఎన్‌ఎఫ్‌ఎల్‌కు అడ్డదారిగా చూస్తే నిరాశ తప్పదు. కాలేజీలో చూపించే అవకాశం దొరకని ఒకటి రెండు విషయాలను చూపించడానికి, అక్కడి నుంచి కెనడా లీగుకో, అమెరికాలోనే వసంతంలో నడిచే యూఎఫ్‌ఎల్ లీగుకో వెళ్లడానికి ఒకటి రెండేళ్లు వాడుకుంటే అంతకంటే మంచి చోటు దొరకదు. ఈ రెంటికీ తేడా తెలియకే ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

ముందు ఆట సంగతి

ఇండోర్ మైదానం పొడవు 50 గజాలు, అంటే మామూలు మైదానంలో సగం. వెడల్పు 85 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానం వెడల్పు 160 అడుగులు. సాధారణంగా ఐస్ హాకీ ఆడే హాలులో పచ్చటి కృత్రిమ గడ్డి పరిచి ఆడతారు. చుట్టూ గీత బదులు మెత్తలు కట్టిన గోడ ఉంటుంది. ఒక్కో వైపు ఎనిమిది మందే. అందులో రిసీవర్లు మామూలుగా ముగ్గురు. పంట్, అంటే బంతిని కాలితో తన్ని ఎదుటి జట్టుకు అప్పగించడం, ఉండదు కాబట్టి బంతి చేతికొచ్చిన ప్రతిసారీ పాయింట్లకే ప్రయత్నిస్తారు. ఒక జట్టు యాభై అరవై పాయింట్లు కొట్టడం అక్కడ వింతేమీ కాదు.

ఈ ఆటను జిమ్ ఫాస్టర్ 1981లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ మ్యాచ్ చూస్తూ, చేతిలో ఉన్న కవర్ మీద గీసుకున్నాడు. 1987లో షికాగో, డెన్వర్, పిట్స్‌బర్గ్, వాషింగ్టన్ టీములతో అరీనా ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. స్కోర్ చేసే చోటైన ఎండ్ జోన్ వెనక గోల్‌పోస్ట్‌కు రెండు పక్కలా పెద్ద వలలు కట్టడం, వాటికి తగిలి వెనక్కొచ్చిన బంతి కూడా ఆటలోనే ఉండటం ఆ లీగ్ ప్రత్యేకత. ఆ వలలకు పేటెంట్ ఉండటంతో మిగతా ఇండోర్ లీగులు వలలు లేకుండానే ఆడటం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఈ రంగంలో నిలకడగా నడుస్తున్న ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఐఎఫ్‌ఎల్, రెండు చిన్న లీగులు 2008లో కలవడంతో పుట్టింది. తొలి సీజన్ 2009లో జరిగింది. అక్కడా వలలు లేవు.

రిసీవర్ కోణం నుంచి చూస్తే అసలు తేడా ఇంకొకటి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్నాప్ అయ్యే, అంటే బంతి కదిలి ఆట మొదలయ్యే క్షణాన రిసీవర్ పక్కకు కదులుతూ ఉండవచ్చు గానీ, ముందుకు పరిగెత్తకూడదు. ఇండోర్‌లో వెనక నుంచి పరుగు అందుకుని, సరిగ్గా స్నాప్ సమయానికి బంతి ఉన్న లైన్ దగ్గరికి పూర్తి వేగంతో రావచ్చు. ఒక అడుగు ముందు దాటితే పెనాల్టీ, ఒక అడుగు ఆలస్యమైతే ఆ వేగం వృథా. పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ గొంతులోని లయను పట్టుకుని ఆ అడుగు సరిగ్గా వేయగలిగినవాడిని ఆపడం డిఫెండర్‌కు చాలా కష్టం. ఎదురుగా ఉన్నవాడు ఇంకా వెనక్కి నడుస్తుంటాడు, ఇతను అప్పటికే పక్కనుంచి దూసుకుపోతుంటాడు.

ఆ తర్వాత వచ్చేది గోడ. మామూలు మైదానంలో అంచున బంతి పట్టిన రిసీవర్ గీత దాటి నాలుగడుగులు పరిగెత్తి ఆగుతాడు. ఇక్కడ ఆగేది గోడే. కళ్లు బంతి మీద, ఒక చెయ్యి బంతి కింద, తుంటి గోడకు తగలబోతోందని ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. మంచి ఇండోర్ రిసీవర్ చివరి అడుగులో భుజం లోపలికి తిప్పి, గోడకు ఎదురుగా కాకుండా దాని వెంట జారేలా పడతాడు. కొత్తవాడు చేతులు ముందుకు చాపి మణికట్టు విరగ్గొట్టుకుంటాడు. మట్టి మీద కూతకెళ్లిన కబడ్డీ కుర్రాడు మ్యాట్ మీదకు వచ్చినప్పుడు పాదం పెట్టే తీరే మారినట్టు, ఇక్కడా ఒళ్లంతా కొత్తగా నేర్చుకోవాలి. అందుకు నెల పడుతుంది, కొందరికి సీజన్ పడుతుంది.

డబ్బు దగ్గర దాపరికం వద్దు

2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉన్న కొత్త కుర్రాడికి వారానికి కనీసం 13,000 డాలర్లు. పద్దెనిమిది వారాలూ ఉంటే రెండు లక్షల ముప్పై వేల పైన. ఒక్క వారం ఆడకపోయినా, ప్రాక్టీసులో నిలబడినందుకే ఆ డబ్బు. అదే ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ అసలు జట్టులో ఉన్న రూకీకి కనీస జీతం 8,40,000 డాలర్లు. ఆ పిలుపు వస్తే ఈ వ్యాసంలోని మిగతా పోలికలన్నీ పక్కన పెట్టేయండి, వెళ్లిపోవాలి.

దాని తర్వాత యూఎఫ్‌ఎల్. ఎక్స్‌ఎఫ్‌ఎల్, యూఎస్‌ఎఫ్‌ఎల్ కలిసి 2024లో మొదలైన ఈ వసంత కాలపు లీగులో ఎనిమిది టీములు, పది మ్యాచ్‌ల సీజన్. 2025 నుంచి సీజన్ కనీస జీతం 60,000 డాలర్లు దాటింది. కెనడాలోని సీఎఫ్‌ఎల్‌లో తొమ్మిది టీములు. కనీస జీతం 2023 నాటికి 70,000 కెనడా డాలర్లు. సీజన్ జూన్ నుంచి నవంబర్ దాకా, పద్దెనిమిది మ్యాచ్‌లు.

ఇండోర్‌లో జీతం నెలకో వారానికో కాదు, మ్యాచ్‌కు ఇంత అని, అదీ వందల్లో. గెలిస్తే కొంచెం ఎక్కువ ఇచ్చే టీములున్నాయి. మ్యాచ్‌కు 300 అనుకుంటే పదహారు మ్యాచ్‌లకు 4,800 డాలర్లు. సీజన్ నడిచినన్నాళ్లూ ఉండటానికి అపార్ట్‌మెంట్, అందులో ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లతో పంచుకునే గది, కొన్నిచోట్ల స్థానిక హోటళ్లలో భోజనం కూపన్లు. ఇదే అసలు జీతం అనుకోవాలి. అద్దె మిగిలింది కాబట్టి బండి నడుస్తుంది. కారు కిస్తీ, ఫోన్ బిల్లు, చదువు అప్పు ఉన్నవాడికి మాత్రం ఇంకో పని లేకుండా కుదరదు. పొద్దున ప్రాక్టీస్, మధ్యాహ్నం ఏ గిడ్డంగిలోనో జిమ్‌లోనో షిఫ్టు, రాత్రి ఫిల్మ్, అంటే మ్యాచ్ వీడియోలు, చూడటం. ఇండోర్ ఆటగాడి రోజు చాలావరకు ఇలాగే ఉంటుంది. దీన్ని సిగ్గుపడాల్సిన సంగతిగా ఎవరూ చూడకూడదని నా గట్టి అభిప్రాయం. కాకపోతే ముందే తెలిసి వెళ్లాలి.

మరి అంత తేడా ఉంటే ఇండోర్ ఎందుకు?

ఎందుకంటే పై రెండు తలుపులూ అడగ్గానే తెరుచుకోవు. యూఎఫ్‌ఎల్ రిసీవర్లలో చాలామంది అప్పటికే ఏదో ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ క్యాంపు చూసి వచ్చినవాళ్లు. టీములు ఎనిమిదే కాబట్టి లీగు మొత్తంలో రిసీవర్ల సీట్లు కొన్ని డజన్లే. సీఎఫ్‌ఎల్‌లో ఇంకో చిక్కు ఉంది. ప్రతి టీములో దాదాపు సగం సీట్లు కెనడా పౌరులకే. అమెరికా నుంచి వెళ్లే రిసీవర్లు మిగిలిన సీట్ల కోసం క్వార్టర్‌బ్యాక్‌లతో, డిఫెన్స్ వాళ్లతో కూడా పోటీ పడాలి.

కెనడా గురించి చాలామందికి తెలియని ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ప్రతి సీఎఫ్‌ఎల్ టీముకూ నెగోషియేషన్ లిస్ట్ అని 45 పేర్ల జాబితా ఉంటుంది. కుర్రాడి పేరు ఏ టీమ్ జాబితాలో ఉంటే, ఆ టీమ్‌తోనే అతను సంతకం చేయగలడు. కాలేజీలో ఉండగానే తనకు తెలియకుండా పేరు ఎక్కి ఉండొచ్చు. కాబట్టి సీఎఫ్‌ఎల్ ట్రైఔట్‌కు విమాన టికెట్ కొనకముందే, ఏజెంట్ ద్వారా గానీ నేరుగా గానీ ఆ ఒక్క ప్రశ్న అడిగి తెలుసుకోవాలి. ఆల్బర్టా టీమ్ జాబితాలో ఉన్నవాడు ఒంటారియో టీమ్ ట్రైఔట్‌లో ఎంత బాగా ఆడినా లాభం లేదు.

ఇక ఇండోర్. ఓపెన్ ట్రైఔట్‌కు ఫీజు కట్టి ఎవరైనా వెళ్లొచ్చు. చిన్న కాలేజీలో ఆడి, ఆటగాళ్లను వెతికే ఎన్‌ఎఫ్‌ఎల్ స్కౌట్ల కంట పడని కుర్రాడికి తలుపు నిజంగా తెరిచి ఉండేది ఇక్కడే. జట్టులో రెండు డజన్లకు అటూ ఇటూ ఆటగాళ్లు, ముగ్గురు రిసీవర్లు మైదానంలో, రన్ ఆట తక్కువ. బంతి ఎక్కువసార్లు తన వైపే వస్తుంది. కాలేజీలో సీజన్ మొత్తం మీద ముప్పై క్యాచ్‌లు పట్టినవాడు ఇక్కడ కొన్ని వారాల్లోనే ఆ సంఖ్య దాటగలడు. ఫిల్మ్ అనేది ఈ ఉద్యోగంలో రెజ్యూమే. ఆడకుండా ఇంట్లో కూర్చుని జిమ్ వీడియోలు పోస్ట్ చేసేవాడికి అది పెరగదు.

ఫిల్మ్ దగ్గరే అసలు లెక్క

ఇండోర్ ఫిల్మ్ చూసే స్కౌట్ ఏం నమ్ముతాడు, ఏం నమ్మడు? నా దృష్టిలో ఎంపిక మొత్తం ఈ ప్రశ్న మీదే ఉంది.

అతను నమ్మేవి చేతులు. ఇరుకులో, మీద ఎవడో పడబోతున్నాడని తెలిసి కూడా బంతిని దూరం నుంచే వేళ్లతో పట్టుకోవడం. గోడ పక్కన పాదాల అదుపు. పది పన్నెండు గజాల లోపు రూట్లలో, అంటే ముందే అనుకున్న పరుగు దారుల్లో, ఒక్కసారిగా ఆగి తిరగడం. ఎండ్ జోన్ దగ్గర ఖాళీ కనిపెట్టడం. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆట కూడా గోల్ లైన్ దగ్గరికి వచ్చేసరికి ఇలాగే ఇరుకవుతుంది కాబట్టి వీటికి విలువ ఉంది.

అతను తగ్గించి చూసేది వేగం. పరుగుతో వచ్చి లైన్ దాటినవాడు ఎవడైనా వేగంగానే కనిపిస్తాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ కోచ్‌కు కావలసింది వేరు: నిలబడిన చోటు నుంచి, ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతున్న కార్నర్‌బ్యాక్‌ను మొదటి రెండడుగుల్లో ఎలా తప్పించుకుంటాడన్నది. అది ఇండోర్ ఫిల్మ్‌లో చాలా తక్కువ దొరుకుతుంది. నలభై గజాల లోతుకు వెళ్లే రూట్ అసలే ఉండదు, మైదానమే యాభై గజాలు కదా.

పొట్టివాళ్లకు ఇంకో లోటు ఉంది. ఐదడుగుల తొమ్మిది అంగుళాల రిసీవర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడాలంటే చాలాసార్లు పంట్ రిటర్న్, అంటే తన్నిన బంతిని పట్టి ఎదురు పరిగెత్తడం, చేయగలగాలి. ఇండోర్‌లో పంటే లేదు. కిక్ రిటర్న్ ఉన్నా మైదానం చిన్నది, గోడ దగ్గర. అలాంటి కుర్రాడికి నేను సీఎఫ్‌ఎల్ వైపే మొగ్గు చూపిస్తాను. అక్కడ మైదానం 65 గజాల వెడల్పు, ఫెయిర్ క్యాచ్ (తాకొద్దని సైగ చేసి బంతి పట్టడం) లేదు, బంతి పట్టే రిటర్నర్ చుట్టూ ఐదు గజాలు ఖాళీ వదలాలి. రిటర్నర్‌కు అది పండగ. సీఎఫ్‌ఎల్‌లో ఆటావాకు ఆడిన డియాంటే స్పెన్సర్ ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డెన్వర్ బ్రాంకోస్‌కు ఆడింది ముఖ్యంగా రిటర్నర్‌గానే. పైగా సీఎఫ్‌ఎల్‌లో కూడా స్నాప్‌కు ముందు పరుగుతో రావచ్చు. ఇండోర్‌లో ఆ అడుగు కుదిరినవాడు కెనడాలో మొదటి రోజే తేడా చూపించగలడు. ఇండోర్ తర్వాత సహజమైన మెట్టు కెనడా అని నేను అనేది అందుకే.

పెద్ద శరీరం, మంచి చేతులు, కానీ నలభై గజాల పరుగులో టైమ్ మామూలుగా వచ్చిన రిసీవర్ సంగతి వేరు. అతని లోటును ఇండోర్ దాచిపెడుతుంది, బలాన్ని పదిసార్లు చూపిస్తుంది. ఇలాంటివాడు ఇండోర్ వెళ్లాల్సిందే.

యూఎఫ్‌ఎల్‌కు ఉన్న గొప్ప అనుకూలత కాలెండర్. మార్చి చివర మొదలై జూన్‌లో ముగుస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ట్రైనింగ్ క్యాంపులు జూలై చివర. ఆట తాజాగా ఉండగానే, పూర్తి మైదానంలో, దాదాపు అదే నియమాల మధ్య ఆడిన ఫిల్మ్‌తో పిలుపు అందుకోవచ్చు. ఐఎఫ్‌ఎల్ సీజన్ మార్చి నుంచి ఆగస్టు దాకా లాగుతుంది. అంటే సీఎఫ్‌ఎల్ క్యాంపులు మొదలయ్యే మే నెలలోనూ, ఎన్‌ఎఫ్‌ఎల్ క్యాంపుల్లో గాయాలతో సీట్లు ఖాళీ అయ్యే ఆగస్టులోనూ కుర్రాడు ఇండోర్ కాంట్రాక్టులో ఉంటాడు. పై లీగ్ పిలిస్తే వెంటనే వదిలేస్తామన్న మాట కాంట్రాక్టులో ఉందో లేదో చూడకుండా సంతకం పెట్టకూడదు.

పైకి వెళ్లినవాళ్లు

ఇండోర్ పేరెత్తగానే అందరూ చెప్పేది కర్ట్ వార్నర్. ఐయోవా బార్న్‌స్టార్మర్స్‌లో ఆడి, 2000 జనవరిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచి, అందులో అత్యుత్తమ ఆటగాడు (ఎంవీపీ) అయినవాడు. కానీ అతను క్వార్టర్‌బ్యాక్. రిసీవర్ చూడాల్సిన జీవితం డేవిడ్ పాటెన్‌ది. వెస్టర్న్ కరోలైనాలో చదివాడు, డ్రాఫ్ట్ కాలేదు. 1996లో ఆల్బనీ ఫైర్‌బర్డ్స్‌కు అరీనాలో ఆడాడు. 1997లో న్యూయార్క్ జెయింట్స్‌లోకి, తర్వాత న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌లోకి వెళ్లాడు. 2002 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో పేట్రియాట్స్ అఫెన్స్ చేసిన ఒకే ఒక్క టచ్‌డౌన్ టామ్ బ్రేడీ చేతిలోంచి పాటెన్ చేతిలోకి వచ్చిందే. ఎనిమిది గజాల పాస్, ఎండ్ జోన్ మూలన, ఇరుకు చోట. అరీనాలో రోజూ చేసిన పనే అది. ఆయన 2021లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయారు. ఆ క్యాచ్ వీడియో దొరికితే ప్రతి ఇండోర్ రిసీవరూ చూడాలి.

ఒరాండే గాడ్స్‌డెన్ 1998లో పోర్ట్‌లాండ్ ఫారెస్ట్ డ్రాగన్స్‌కు అరీనా ఆడి, అదే ఏడాది మయామీ డాల్ఫిన్స్‌లో చేరాడు. ఒంటిచేత్తో పట్టే క్యాచ్‌లకు పేరు.

ఇవి పాత కథలు. ఈ తరంలో దారి ఇంకొంచెం చుట్టు తిరుగుతుంది. డాలస్ కౌబాయ్స్ రిటర్నర్ కవాంటే టర్పిన్‌ను చూడండి. 2018లో అరెస్టు తర్వాత కాలేజీ టీమ్ అతన్ని తీసేసింది. 2021లో ఫ్యాన్ కంట్రోల్డ్ ఫుట్‌బాల్ అనే చిన్న ఇండోర్ లీగ్‌లో ఆడాడు. అదే ఏడాది పోలండ్ వెళ్లి వ్రోత్స్‌వాఫ్ పాంథర్స్‌కు ఆడాడు. 2022లో యూఎస్‌ఎఫ్‌ఎల్‌లో న్యూజెర్సీ జనరల్స్ తరఫున ఎంవీపీ అయ్యాడు. ఆ వేసవిలోనే కౌబాయ్స్ తీసుకున్నారు, మొదటి ఏడాదే లీగ్ అత్యుత్తములకిచ్చే ప్రో బౌల్ గౌరవానికి ఎంపికయ్యాడు. అతన్ని ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేర్చింది ఒక్క ఇండోర్ మాత్రమే కాదు. ఇండోర్ అతన్ని ఆటలో ఉంచింది, పూర్తి మైదానపు లీగు అతన్ని చూపించింది. ఇప్పుడు ఆచరణలో పనిచేస్తున్న వరస ఇదే.

ఇండోర్‌లోనే ఉండిపోయి గొప్పవాళ్లైన రిసీవర్లను కూడా తక్కువ చేయకూడదు. ఆల్బనీలో ఆడిన ఎడ్డీ బ్రౌన్‌ను 2006లో అరీనా లీగ్ చరిత్రలోనే అత్యుత్తమ ఆటగాడిగా ఎంపిక చేశారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరు తెచ్చుకున్న ఆంటోనియో బ్రౌన్ తండ్రి ఆయన.

ఇండోర్ అని తేల్చుకున్నాక: ఏ టీమ్?

ఇక్కడ తొందరపడితే సీజన్ మధ్యలో రోడ్డున పడే ప్రమాదం ఉంది. ఈ రంగం చరిత్ర నిండా మూతపడిన టీములే. డాలస్‌లో కౌబాయ్స్ యజమాని జెరీ జోన్స్ స్వయంగా నడిపిన డాలస్ డెస్పరాడోస్ 2002 నుంచి 2008 దాకా ఆడింది. 2009 సీజన్‌ను అరీనా లీగ్ రద్దు చేయడంతో అంత పెద్ద యజమాని ఉన్న టీమ్ కూడా పోయింది. లీగ్ 2010లో మళ్లీ లేచి 2019లో దివాలా తీసింది. 2024లో అదే పేరుతో పదహారు టీములతో మళ్లీ మొదలుపెడితే, కొన్ని వారాల్లోనే టీములు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఎడ్డీ బ్రౌన్ ఆడిన ఆల్బనీలోనే, కొడుకు ఆంటోనియో యజమానిగా ఉన్న ఆల్బనీ ఎంపైర్‌ను లీగుకు కట్టాల్సిన డబ్బు కట్టలేదని 2023 జూన్‌లో నేషనల్ అరీనా లీగ్ అనే మరో ఇండోర్ లీగ్ బయటకు పంపింది. సీజన్ మధ్యలో ఆటగాళ్లు అక్కడ ఇల్లు వెతుక్కోవాలి, ఇంకో టీమ్ వెతుక్కోవాలి.

అందుకే నేను ముందు చూసేది యజమాని ఎవరన్నది. అదే హాలులో హాకీ టీమ్ కూడా నడుపుతున్న యజమాని అయితే ధైర్యం ఎక్కువ. హాలు, టికెట్ల సిబ్బంది, స్పాన్సర్లు అన్నీ ముందే ఉంటాయి. వేగస్ నైట్ హాక్స్ వెనక ఎన్‌హెచ్‌ఎల్ హాకీ టీమ్ గోల్డెన్ నైట్స్ యజమాని బిల్ ఫోలీ ఉన్నాడు. టల్సా ఆయిలర్స్ అనే పేరుతో హాకీ, ఇండోర్ ఫుట్‌బాల్ టీములు రెండూ ఒకే యజమాని కింద ఉన్నాయి. రెండోది, టీమ్ వయసు. గ్రీన్ బే బ్లిజార్డ్, అరిజోనా రాట్లర్స్ లాంటివి లీగులు మారినా ఊరు వదలకుండా నిలబడ్డాయి. ఆ ఊళ్లలో మనుషులకు టీమ్ అంటే ఇష్టం, మ్యాచ్ అయ్యాక పిల్లలు మైదానంలోకి దిగి సంతకాలు తీసుకుంటారు. మూడోది క్వార్టర్‌బ్యాక్. అతను నిలకడైనవాడు కాకపోతే ఎంత మంచి రిసీవర్‌కైనా ఫిల్మ్ దొరకదు. మంచి క్వార్టర్‌బ్యాక్ ఉన్న టీమ్ యాభై డాలర్లు తక్కువ ఇచ్చినా అక్కడికే వెళ్లమంటాను.

ఓపెన్ ట్రైఔట్ల విషయంలో కాస్త జాగ్రత్త. ఫీజు తీసుకుని రెండు వందల మందిని పరిగెత్తించి, ఒక్కరినీ తీసుకోని చోట్లు ఉన్నాయి. హెడ్ కోచ్ స్వయంగా వస్తున్నాడా, పోయిన ఏడాది ట్రైఔట్ నుంచి ఎంతమంది రోస్టర్‌లోకి వచ్చారు అని అడగాలి. సూటిగా సమాధానం రాకపోతే ఆ డబ్బు పెట్రోలుకు దాచుకోవడం మేలు. అసలు కోచ్‌కు ముందే మూడు నిమిషాల ఫిల్మ్ పంపి, పిలిచాకే వెళ్లడం అన్నింటికంటే మంచిది.

కాంట్రాక్టులో మూడు మాటలు వెతకాలి. ఇల్లు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, జట్టు నుంచి తీసేస్తే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి. పై లీగ్ పిలిస్తే విడుదల. గాయమైతే వైద్యం ఎవరిది. మూడోది టెక్సాస్‌లో మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ రాష్ట్రంలో ప్రైవేటు యజమానులు వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా తీసుకోకుండా ఉండొచ్చు. కాంక్రీటు మీద పరిచిన గడ్డిలో మోకాలు తిరిగితే సర్జరీ బిల్లు పది సీజన్ల ఇండోర్ జీతాన్ని మింగేస్తుంది. కుర్రాడికి ఇరవై ఆరేళ్లు నిండేదాకా తల్లిదండ్రుల హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉండే వీలు ఉంది. ఆ తర్వాత సొంత ఇన్సూరెన్స్ లేకుండా ఇండోర్ ఆడటం నేను ఒప్పుకోను.

మన కుటుంబాల్లో మాత్రమే వచ్చే మాట ఒకటి: వీసా. కుర్రాడు హెచ్-4 మీద ఉంటే డబ్బు తీసుకుని ఆడటం ఉద్యోగం కిందికే వస్తుంది, అది కుదరదు. ఇరవై ఒకటి నిండితే ఆ హోదా ఎలాగూ పోతుంది. విదేశీ క్రీడాకారులకు పీ-1 అనే వీసా ఉన్నా, దానికి అంతర్జాతీయ స్థాయి గుర్తింపు చూపించాలి. చిన్న ఇండోర్ టీమ్‌తో అది తేలే పని కాదు. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్నవాడికి ఈ సమస్య లేదు. లేనివాడు మాత్రం ఫుట్‌బాల్ ఏజెంట్ కంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. కెనడాకు అయితే ఎవరికైనా వర్క్ పర్మిట్ కావాలి, దాన్ని టీమ్ చూసుకుంటుంది.

యూరప్ గురించి ఒక మాట చాలు. జర్మనీలాంటి చోట్ల క్లబ్బులు అమెరికన్లను పరిమితంగా తీసుకుంటాయి, ఫ్లాటూ చిన్న జీతమూ ఇస్తాయి. టర్పిన్ లాంటి ఒకరిద్దరిని మినహాయిస్తే స్కౌట్లు అటు చూసేది తక్కువ. లోకం చూడాలనుకునే కుర్రాడికి చాలా మంచి ఏడాది అది, అంతే.

ఎన్నాళ్లు?

రెండు సీజన్లు. మొదటి ఏడాది గోడను, పరుగు అడుగును నేర్చుకోవడానికి పోతుంది. రెండో ఏడాది ఆడిన ఆటే ఫిల్మ్. ఆ రెండో సీజన్ అయ్యాక ఏ సీఎఫ్‌ఎల్, యూఎఫ్‌ఎల్ టీమూ కనీసం వర్కౌట్‌కు పిలవకపోతే, పైకి వెళ్లే దారిగా ఇండోర్ పని అయిపోయినట్టే. ఆ తర్వాత కూడా ఆడొచ్చు. ఆట మీద ప్రేమతో, వేరే ఉద్యోగం చేసుకుంటూ, ముప్పై దాటేదాకా ఆడేవాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ అది వేరే నిర్ణయం, వేరే లెక్కతో తీసుకోవాలి. ఎంతకాలమైనా ఫోన్ పక్కన పెట్టుకుని ఎదురుచూసే బతుకు మాత్రం వద్దు.

సీజన్ లేని సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆరు నెలలు ఉంటాయి. డిగ్రీలో క్రెడిట్లు మిగిలి ఉంటే పూర్తి చేయడానికి, హైస్కూల్ టీముల్లో అసిస్టెంట్ కోచింగ్ మొదలుపెట్టడానికి ఆ సమయం సరిపోతుంది. రిసీవర్లకు కోచింగ్ చెప్పడం మన మూలాలున్నవాళ్లకు కొత్తేమీ కాదు, భారత సంతతికి చెందిన సంజయ్ లాల్ కౌబాయ్స్‌తో సహా ఎన్నో ఎన్‌ఎఫ్‌ఎల్ టీముల్లో రిసీవర్ల కోచ్‌గా పనిచేశారు.

సీఎఫ్‌ఎల్‌కు పంపే ఫిల్మ్‌ను ఎలా కట్ చేయాలో కూడా చెబుతాను. టచ్‌డౌన్ డ్యాన్సులు తీసేయండి. మొదటి ఐదు క్లిప్పులు పరుగుతో లైన్ దగ్గరికి వచ్చే టైమింగ్ కనపడేవి పెట్టండి, స్నాప్‌కు రెండు సెకన్ల ముందు నుంచి మొదలయ్యేలా. తర్వాత ఇరుకులో పట్టిన క్యాచ్‌లు ఒక అరడజను. ఆ తర్వాత బంతి తన దగ్గరికి రాని ఆటల్లో చేసిన బ్లాకింగ్ రెండు మూడు. కాలేజీ నాటి పంట్ రిటర్న్‌లు ఉంటే చివర్న చేర్చండి. కిందే ఎత్తు, బరువు, పుట్టిన తేదీ, ఏజెంట్ నంబర్ ఉండాలి. పంపడానికి డిసెంబర్, జనవరి నెలలు మంచివి. అప్పుడే టీములు తమ జాబితాలు మారుస్తుంటాయి.